ఉప్పుగాలిలో పాత ఓమ్నీ

ప్రధాన భూభాగంలో పాత వ్యాను దారిలో మొరాయిస్తే యజమాని మెకానిక్‌కు కబురు పంపుతాడు. అండమాన్‌లో ఆ కబురు పంపిన తరువాత, ఓడ ఎప్పుడు వస్తుందో కూడా విచారిస్తాడు. పోర్ట్ బ్లెయిర్ నుంచి చెన్నైకి గాని, విశాఖపట్టణానికి గాని సముద్రం మీద దాదాపు 1,200 కిలోమీటర్లు. ప్రయాణికుల ఓడకు అది రెండున్నర, మూడు రోజుల దారి. (2024 సెప్టెంబరులో ఆ నగరానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు గాని, నోటికి అలవాటైన పేరు అంత త్వరగా వదలదు.) మామూలుగా అరిగిపోయే భాగాలు అక్కడి దుకాణాలలో దొరుకుతాయి. దొరకనిది ఏదైనా కావలసివస్తే అది సముద్రం దాటి రావాలి, లేదా విమానంలో వచ్చి తన ధరకు మించిన రవాణా ఖర్చును వెంట తేవాలి.

కాబట్టి మన పట్టణాలలోని షెడ్డులలో చెలామణి అయ్యే ఒక పద్ధతి అక్కడ చెల్లదు. ఇంజను అందుకోకపోతే కాయిల్ మార్చి చూడడం, కాకపోతే కండెన్సర్, అదీ కాకపోతే ప్లగ్గులు, చివరకు ఏదో ఒకటి తగిలి బండి కదిలితే అన్నిటికీ కలిపి బిల్లు వేయడం: ఇది రోగి మీద మందులన్నీ వరుసగా ప్రయోగించే వైద్యం వంటిది. ద్వీపంలో ఒక్క తప్పు ఊహకు వెల ఒక ఓడ ప్రయాణం. ముందు రోగం ఏమిటో తేల్చాలి, ఆ తరువాతే మందు.

అక్కడ ఈ వైద్యం ఎక్కువగా అవసరమయ్యే బండి మారుతీ ఓమ్నీ. జపానులో సుజుకీ వారు క్యారీ అనే పేరుతో చేసిన చిన్న వ్యానును మారుతీ సంస్థ 1984లో మన దేశంలో ప్రవేశపెట్టింది. మొదట దాని పేరు కేవలం మారుతీ వ్యాను. 1988లో ఓమ్నీ అయింది. 2019లో తయారీ ఆగిపోయింది. అంటే 35 సంవత్సరాల పాటు అది అంబులెన్సుగా, బడిపిల్లల బండిగా, టాక్సీగా, చేపల బండిగా, తెలుగు సినిమాలలో కథానాయికను ఎత్తుకుపోయే ప్రతినాయకుడి వాహనంగా అవిశ్రాంతంగా సేవ చేసింది. పక్కకు జరిగే ఆ తలుపు చప్పుడు వినగానే ప్రేక్షకుడికి తరువాతి దృశ్యం తెలిసిపోయేది. దాని ఇంజను మారుతీ 800 కారులోనిదే: 796 సి.సి., మూడు సిలిండర్లు. అది ముందు సీట్ల కింద కూర్చుని వెనుక చక్రాలను తిప్పుతుంది. ఈ అమరిక వలన బండి చిన్నదైనా లోపల చోటు ఎక్కువ. ఈ అమరిక వలననే వేడి, చప్పుడు, పెట్రోలు వాసన కూడా నడిపేవాడికి అతి సమీపంలో ఉంటాయి. ఆ మూడింటినీ గమనించడం నేర్చుకున్నవాడికి అది ఒక సౌకర్యమే.

2011 జనాభా లెక్కల ప్రకారం ఆ ద్వీపవాసులలో వందకు పదముగ్గురి మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి తరలిపోయిన కుటుంబాలు వారిలో చాలా ఉన్నాయి. జంగ్లీఘాట్ చేపల రేవులో ఉత్తరాంధ్ర యాస వింటే సముద్రం దాటి వచ్చిన సంగతి మరచిపోవచ్చు. షెడ్డులో మెకానిక్ తమిళుడు కావచ్చు, బెంగాలీ కావచ్చు, బండి యజమాని తెలుగువాడు, మాట్లాడుకునేది హిందీలో. అయినా ‘సెల్ఫ్’, ‘పాయింట్’, ‘ఎర్త్’ అనే మాటలు మాత్రం ఎవరికీ అనువాదం అక్కరలేదు.

ఈ మూడింటిలో ద్వీపం మీద అన్నిటికంటె ముఖ్యమైనది ‘ఎర్త్’. కారణం ఉప్పు.

సముద్రపు తుంపరలు గాలిలో ఎగిరి, ఆరి, కంటికి కనిపించని ఉప్పురేణువులై ప్రతి వస్తువు మీద వాలుతాయి. పొడిగా ఉన్నంతసేపు ఆ ఉప్పు పెద్దగా హాని చేయదు. గాలిలో తేమ 75 శాతం దాటితే మాత్రం అది గాలిలోని నీటిని తానే పీల్చుకుని కరిగి ఉప్పునీరవుతుంది. వంటింట్లో ఉప్పుజాడీ వానకాలం చెమర్చడం ప్రతి గృహిణికీ తెలిసిన విషయమే. పోర్ట్ బ్లెయిర్‌లో మే నెలలో నైరుతి ఋతుపవనం వస్తుంది. అది వెళ్లీ వెళ్లకముందే ఈశాన్య ఋతుపవనం అందుకుంటుంది. సంవత్సరానికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన. ఏడాదిలో చాలా రాత్రులు తేమ ఆ 75 శాతం గీతకు పైనే ఉంటుంది. అంటే వాన కురవని రాత్రి కూడా బండి లోహం మీద పలుచని ఉప్పునీటి పొర నిలిచే ఉంటుందన్నమాట. రాగి తీగ, ఇనుప చట్రం, అల్యూమినియం ఇంజను ఒకదానినొకటి తాకే చోట ఆ పొర చేరితే అక్కడ ఒక చిన్న బ్యాటరీ తయారవుతుంది. ఆ బ్యాటరీ ఎవరికీ పనికిరాదు. రెండు లోహాలలో బలహీనమైనదాన్ని తినివేయడమే దాని పని. రాగి మీద పచ్చని చిలుము, అల్యూమినియం మీద తెల్లని పొడి, ఇనుము మీద తుప్పు, మూడూ ఆ భోజనపు ఎంగిళ్లే.

బండిలో దీపానికైనా, హారనుకైనా, సెల్ఫ్ మోటారుకైనా విద్యుత్తు ఒక తీగ గుండా వెళుతుంది. తిరిగివచ్చే దారి మాత్రం బండి శరీరమే. ఆ శరీరానికీ బ్యాటరీ రుణధ్రువానికీ మధ్య ఒక మందపు తీగ, శరీరానికీ ఇంజనుకూ మధ్య మరొకటి ఉంటాయి. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది గనుక ఈ రెండవ తీగ లేనిదే దానికి విద్యుత్తుతో సంబంధం లేదు. ఈ తీగల కొనలు బోల్టుతో బిగించిన చోటనే తుప్పు చేరుతుంది. పైకి బోల్టు గట్టిగానే ఉన్నట్లు కనిపిస్తుంది. బండి మాత్రం చిత్రవిచిత్రమైన చేష్టలు చేస్తుంది: బ్రేకు నొక్కితే ఇండికేటర్ మసకగా వెలుగుతుంది, హారను కొట్టితే దీపాలు తగ్గుతాయి, వైపరు వేస్తే పెట్రోలు ముల్లు కదులుతుంది. విద్యుత్తు తిన్నగా తిరిగివెళ్లే దారి మూసుకుపోయి, ఇతరుల ఇళ్ల గుండా సందులు వెదుక్కుంటున్నదని దీని అర్థం. ఇలాంటి సంబంధంలేని రెండు మూడు లోపాలు ఒకేసారి కనిపించినప్పుడు ఏ ఒక్క భాగాన్నీ కొనరాదు. ముందుగా ఎర్త్ చూడాలి.

ఉదయం తాళంచెవి తిప్పితే ‘టక్’మని ఊరుకునే బండి సంగతీ ఇంతే. నూటికి తొంభై మంది బ్యాటరీని తప్పు పడతారు. కొత్త బ్యాటరీ వేస్తారు, నాలుగు రోజులు బాగానే నడుస్తుంది, మళ్లీ ‘టక్’. హెడ్‌లైట్లు ఈ విషయంలో నమ్మదగిన సాక్షులు. వాటిని వేసి ఉంచి సెల్ఫ్ కొట్టి చూడాలి. దీపాలు పూర్తిగా చచ్చిపోతే బ్యాటరీలో శక్తి లేదు, లేదా బ్యాటరీ ధ్రువాల దగ్గర పట్టు లేదు. దీపాలు ప్రకాశంగానే ఉండి, ఏ చప్పుడూ రాకపోతే విద్యుత్తు సెల్ఫ్ దాకా చేరడం లేదు: తాళపు స్విచ్చి గాని, సోలినాయిడ్‌కు పోయే సన్నని తీగ గాని కారణం. సెల్ఫ్ గిర్రున తిరుగుతూ ఇంజను మాత్రం కదలకపోతే అది విద్యుత్తు లోపమే కాదు. సెల్ఫ్ పళ్లచక్రం ఇంజను చక్రాన్ని అందుకోవడం లేదు.

దీపాలు కొద్దిగా తగ్గి సెల్ఫ్ నీరసంగా మూలిగే సందర్భం ఒకటి మిగిలింది. ఇక్కడ ఒక చవక పరీక్ష ఉన్నది. బ్యాటరీ నుంచి బ్యాటరీకి కలిపే మందపు జంపర్ తీగ ఒకటి తీసుకుని, ఒక కొన బ్యాటరీ రుణధ్రువానికీ రెండవ కొన నేరుగా ఇంజను మీద శుభ్రమైన లోహానికీ తగిలించాలి. గేరు న్యూట్రల్‌లో ఉంచి, తీగ బెల్టుకు తగలకుండా చూసుకుని, సెల్ఫ్ కొట్టాలి. అప్పుడు ఇంజను చురుకుగా తిరిగితే బ్యాటరీ నిర్దోషి. ఎర్త్ తీగ దోషి. మల్టీమీటరు ఉన్నవారు ఇంకా కచ్చితంగా చూడవచ్చు. బ్యాటరీ రుణధ్రువానికీ ఇంజనుకూ దాని కొనలు ఆనించి సెల్ఫ్ కొట్టినప్పుడు ముల్లు అర వోల్టు కూడా చూపరాదు. చూపితే ఆ మేర విద్యుత్తు తుప్పుకు కప్పం కడుతున్నదన్నమాట. అదే మీటరుతో రాత్రంతా విశ్రాంతిగా ఉన్న బ్యాటరీని కొలిస్తే 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్లు, 12.2 ఉంటే సగం ఖాళీ. ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.4 దాకా రావాలి. రాకపోతే బెల్టు బిగువు చూడాలి, ఆ తరువాత ఆల్టర్నేటర్ బ్రష్షులు. ఇవేవీ చూడకుండా ఆల్టర్నేటర్‌నే మార్చమనే మెకానిక్ సలహాను వినయంగా తిరస్కరించవచ్చు.

ఎర్త్ బాగుచేయడానికి పెద్ద సరంజామా అక్కరలేదు. ముందు బ్యాటరీ రుణధ్రువం విడదీయాలి. తిరిగి బిగించేటప్పుడు అది చివర. బోల్టు విప్పి, తీగ కొననూ అది కూర్చునే చోటునూ లోహం మెరిసేదాకా గీకాలి. గరుకు కాగితాన్ని మనవాళ్లు ఉప్పుకాగితం అంటారు. ఉప్పు చేసిన పనిని ఉప్పుకాగితమే సరిదిద్దడం భాషలోని ఒక చమత్కారం. బిగించిన తరువాత పైన పెట్రోలియం జెల్లీ దట్టంగా పూయాలి. ముందుగా పూసి బిగించడం కంటె, శుభ్రమైన లోహాన్ని లోహానికి బిగించి పైన పూయడం మేలు. ఇక్కడ జెల్లీ పని నీటిని దూరంగా ఉంచడం. తీగ పైతొడుగు కింద చిలుము లోపలికి పాకి ఉంటే గీకి లాభం లేదు. తీగ మొత్తం మార్చాలి. అదృష్టవశాత్తు మందపు తీగకూ కొనకుప్పెకూ ఓడ కోసం కాచుకోనక్కరలేదు.

బ్యాటరీ ధ్రువాల మీది తెల్లని బూజును వేడినీటిలో కలిపిన వంటసోడా కడిగివేస్తుంది. ఆ నీరు బ్యాటరీ గొట్టాల మూతలలోకి పోనీయరాదు.

ఇక వాన తరువాతి ఉదయాలు. సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, ఇంజను మాత్రం అందుకోదు. ఇంజను బతకడానికి కావలసినవి సరైన వేళకు నిప్పురవ్వ, తగినంత పెట్రోలు. రెండింటిలో ఏది లోపించిందో తేల్చకుండా స్పానరు పట్టరాదు. పది పన్నెండు సార్లు సెల్ఫ్ కొట్టిన తరువాత ఒక ప్లగ్గు విప్పి చూస్తే అదే చెబుతుంది. ప్లగ్గు తడిసి పెట్రోలు వాసన వేస్తుంటే పెట్రోలు వస్తున్నది, రవ్వ లేదు. పొడిగా ఉంటే పెట్రోలే రావడం లేదు.

పాత ఓమ్నీలలో నిప్పురవ్వను డిస్ట్రిబ్యూటర్ పంచుతుంది. దాని మూత లోపల రాత్రి చెమ్మ పేరుకుంటే వేల వోల్టుల విద్యుత్తు ప్లగ్గుల దాకా పోకుండా ఆ తడి మీదుగా అడ్డదారిన జారిపోతుంది. మూత తీసి పొడిబట్టతో తుడిచి, కాసేపు ఎండలో ఉంచితే సగం బండ్లు అక్కడే కదులుతాయి. మూతలో వెంట్రుకవంటి నల్లని గీత కనిపిస్తే మాత్రం అది పగులు, తుడిస్తే పోదు. ప్లగ్గు తీగల లోపం కనిపెట్టడానికి చీకటే మంచి దీపం. రాత్రి పూట ఇంజను నడుస్తుండగా సీటు ఎత్తి చూస్తే, పాడైన తీగ మీద నీలిరంగు మిణుకులు కనిపిస్తాయి. చేయి పెట్టరాదు, కళ్లు చాలు.

తుడిచేటప్పుడు మూడు తీగలనూ ఒకేసారి పీకడం వలన కొత్త తగవు పుడుతుంది. ఈ ఇంజనులో సిలిండర్లు మండే వరుస 1-3-2. ఒకటి, రెండు, మూడు అని మనిషి లెక్కించే వరుసలో తీగలు పెడితే ఇంజను తుమ్ముతుంది గాని నడవదు. ఒక్కొక్కటిగా తీసి, తుడిచి, పెట్టినవాడికి ఈ చిక్కు లేదు. మూతను తీసినప్పుడే మరొకటి చూడవచ్చు: ఒకరు సెల్ఫ్ కొడుతుండగా లోపలి రోటరు తిరగాలి. ఇంజను ఎప్పటికంటె తేలికగా గిర్రున తిరుగుతూ, రోటరు మాత్రం కదలకుండా ఉంటే టైమింగ్ బెల్టు తెగింది. అప్పుడు కాయిల్, కండెన్సర్, ప్లగ్గులు అన్నీ నిర్దోషులే. బెల్టుకే చీటీ రాయాలి. ఇంకా పాత బండ్లలో ఉండే కాంటాక్ట్ పాయింట్ల మధ్య ఎడం 0.4 నుంచి 0.5 మిల్లీమీటరు, ప్లగ్గు ఎడం 0.7 నుంచి 0.8. పాయింట్లు తరచు గుంటలు పడుతుంటే కండెన్సర్‌ను అనుమానించడం న్యాయం.

ఇంజను మూడు కాళ్ల మీద నడవవలసింది రెండు కాళ్ల మీద కుంటుతుంటే, ఏ కాలు కుంటిదో తెలుసుకోవడానికి ఇంజను ఆపి ఒక తీగ తీసి, ఆ తీగ కొనను ఇంజను లోహానికి ఆనించి, మళ్లీ నడిపి చూడాలి. ఏ తీగ తీసినప్పుడు నడకలో తేడా కనిపించదో ఆ సిలిండరే ముందునుంచీ పనిచేయడం లేదు. ప్లగ్గును పక్క సిలిండరులోకి మార్చినప్పుడు రోగం దానితోపాటు వెళితే ప్లగ్గు మార్చాలి. వెళ్లకపోతే తీగ, ఆ తరువాతే సిలిండరు ఒత్తిడి.

పెట్రోలు వైపు లోపమైతే ద్వీపంలో మొదటి అనుమానం నీరు. సగం ఖాళీ ట్యాంకులో గాలి ఉంటుంది. ఆ గాలిలోని తేమ రాత్రి చల్లదనానికి బిందువులై అడుగున చేరుతుంది. ట్యాంకు నింపి ఉంచడమే దీనికి మందు. ఇథనాల్ కలిపిన పెట్రోలు ఈ నీటిని మరింతగా పీల్చుకుంటుంది. పాత రబ్బరు గొట్టాలకూ పంపు పొరలకూ కూడా అది గిట్టదు. 2019లో ఆ మిశ్రమాన్ని దేశమంతటా విస్తరించినప్పుడు అండమాన్‌నూ లక్షద్వీపాన్నీ మినహాయించారు. ప్రధాన భూభాగంలో మాత్రం 2025 నాటికి ఇథనాల్ పాలు 20 శాతానికి చేరింది. పాత వ్యానును చెన్నైకో విశాఖకో తీసుకువచ్చి అక్కడ నడపదలచినవారు ముందు రబ్బరు గొట్టాలన్నీ కొత్తవి వేయించుకోవడం మంచిది. కార్బొరేటరు బండిలో ఎండవేళ ఆగి ఆగి నడిచినప్పుడు మరొక సమస్య ఎదురవుతుంది: ఇంజను వేడికి గొట్టంలోనే పెట్రోలు ఆవిరై పంపును నిస్సహాయం చేస్తుంది. పంపు మీద తడిబట్ట వేసి పావుగంట ఆగితే సర్దుకుంటుంది. ఈ సంగతి తెలియక కార్బొరేటరు విప్పించుకున్నవారు కోకొల్లలు. ఇంజెక్షన్ ఉన్న తరువాతి ఓమ్నీలలో తాళం తిప్పగానే ట్యాంకులోని పంపు రెండు క్షణాలు గుంయిమంటుంది. ఆ చప్పుడు రాకపోతే ముందు ఫ్యూజు, తరువాత రిలే, ఆ తరువాతే పంపు.

ఫ్యూజు మాట వచ్చింది గనుక ఒక హెచ్చరిక. ఫ్యూజు పోయినప్పుడు సిగరెట్ పెట్టెలోని తగరపు కాగితమో, రాగి పోగులో చుట్టి పని జరిపించే అలవాటు మన దేశంలో అన్ని తీరాలలోనూ ఉన్నది. ఫ్యూజు పోవడం రోగం కాదు. రోగాన్ని చెప్పే దూత. దూతను చంపితే తీగలు కాలుతాయి. ఓమ్నీలో ఆ తీగలు, పెట్రోలు గొట్టం, వేడి ఇంజను అన్నీ మనుషులు కూర్చున్న సీటు కిందనే ఉన్నాయి. బండి లోపల పెట్రోలు వాసన తగిలిన క్షణంలో ఆపి, దిగి, సీటు ఎత్తి గొట్టాలు చూడవలసిందే. ‘ఇల్లు చేరాక చూద్దాం’ అనే మాట ఏ లోపానికైనా పనికివస్తుందేమో గాని దీనికి పనికిరాదు. బడిపిల్లలను తీసుకుపోయే బండి అయితే వేరే చెప్పనక్కరలేదు.

వేడి ఎక్కే బండికి రేడియేటర్‌ను తిట్టడం ఆనవాయితీ. ముందు ఫ్యాన్ తిరుగుతున్నదా అని చూడాలి. ముల్లు పైకి పోయినా ఫ్యాన్ కదలకపోతే దాని మోటారుకు నేరుగా విద్యుత్తు ఇచ్చి చూడాలి. తిరిగితే మోటారు మంచిది, వేడిని పసిగట్టే స్విచ్చిగాని, మళ్లీ ఆ ఎర్త్‌గాని చెడ్డది. తీరపు బావుల నీటిలో ఉప్పు ఉంటుంది. దానిని రేడియేటర్‌లో పోస్తే బయట చేసే పనినే ఉప్పు లోపల చేస్తుంది. వాననీరు మేలు, కూలంట్ కలిపిన శుద్ధజలం ఇంకా మేలు. నీరు బయటకు కారకుండానే తరుగుతూ, నూనె చూసే కడ్డీ మీద పాలమీగడవంటి తెలుపు కనిపిస్తే హెడ్ గ్యాస్కెట్ పోయింది. అలాంటి బండిని నీళ్లు పోసుకుంటూ నడపడం చవక బేరంగా కనిపించి చివరకు ఇంజనునే అడుగుతుంది. వేడిమీద మూత విప్పరాదని అందరికీ తెలుసు. ఏటా కొందరు విప్పుతూనే ఉంటారు.

పోర్ట్ బ్లెయిర్ ఎత్తుపల్లాల ఊరు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను చప్పుడు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతున్నది. ముందు క్లచ్ వైరు బిగువు చూసి, పెడల్‌కు కొంచెం వదులు ఉన్నదో లేదో చూడాలి. వైరు అతిగా బిగిసి ఉంటే మంచి ప్లేటు కూడా జారుతుంది. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకునే రకం. మామూలుగా వాడే డాట్ 3 నూనె కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీలకు గాని మరగదు. తేమ పట్టిన తరువాత ఆ హద్దు 140 డిగ్రీలకు దిగిపోవచ్చు. దిగుడు దారిలో బ్రేకులు వేడెక్కి పెడల్ మెత్తగా కిందికి పోవడానికి ఇదొక కారణం. రెండేళ్లకొకసారి నూనె మార్చాలని పుస్తకాలు చెబుతాయి. ద్వీపంలో ఏడాదికొకసారి అనుకుంటే నష్టం లేదు. వానలో హ్యాండ్‌బ్రేకు వేసి నాలుగు రోజులు బండి వదిలేస్తే వెనుక డ్రమ్ములో బ్రేకు షూలు తుప్పుతో అతుక్కుపోతాయి. సమతలం మీద నిలిపినప్పుడు గేరులో ఉంచి చక్రానికి అడ్డు రాయి పెట్టడం పాతకాలపు పద్ధతే అయినా ఇప్పటికీ మంచిది.

ఈ పరీక్షలన్నిటికీ అండమాన్‌లో ఒక ప్రత్యేక ప్రయోజనం ఉన్నది. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఉత్తరాన డిగ్లీపూర్ దాకా పోయే అండమాన్ ట్రంక్ రోడ్డు జారవా తెగవారి అభయారణ్యం గుండా సాగుతుంది. జిర్కాటాంగ్ తనిఖీ కేంద్రం దగ్గర వాహనాలన్నీ ఆగి, నిర్ణీత వేళలకు పోలీసు రక్షణతో ఒకే వరుసగా కదలాలి. గంటకు 40 కిలోమీటర్లు మించరాదు. మధ్యలో ఆగరాదు, దిగరాదు, ఛాయాచిత్రాలు తీయరాదు. జారవాలను బయటివారి చొరబాటు నుంచి, బయటి రోగాల నుంచి కాపాడడానికి ఏర్పడిన నియమాలివి; ఆ రక్షణకు మూలం 1956 నాటి ఆదిమ జాతుల రక్షణ శాసనం. 2002లో సుప్రీంకోర్టు ఆ భాగంలో రోడ్డునే మూసివేయమన్నది గాని, రాకపోకలు ఆగలేదు. అలాంటి దారి మధ్యలో ఒక పాత వ్యాను చెడి నిలిచిపోతే అది యజమాని ఒక్కడి ఇబ్బంది కాదు. వెనుక వరుస నిలుస్తుంది. ఆగరాని చోట జనం ఆగుతారు, దిగరాని చోట దిగుతారు. అందుచేత ఉత్తరానికి బయలుదేరే పాత ఓమ్నీకి ముందురోజు సాయంత్రమే ఎర్త్, ఫ్యాన్, బెల్టు, పెట్రోలు గొట్టాలు, నాలుగూ చూడాలి. తనిఖీ కేంద్రం దగ్గర ఎండలో వరుసలో నిలిచినప్పుడు ఇంజను ఆపి ఉంచడం, కదలడానికి పది నిమిషాల ముందు ఒకసారి నడిపి చూడడం అనుభవజ్ఞుల అలవాటు. అక్కడ మొరాయిస్తే వరుస నుంచి తప్పుకోవడానికి ఇంకా చోటు ఉంటుంది.

శరీరం సంగతి చివర చెప్పవలసివచ్చినా, ఓమ్నీలు ఎక్కువగా చచ్చేది ఇంజను రోగంతో కాదు, అడుగు రేకు తుప్పుతో. చేపల బండ్లది మరీ దీనస్థితి. మంచు కరిగి, చేపల ఉప్పునీటితో కలిసి, నేల అతుకులలోకి ఇంకుతుంది. పైన వేసిన రబ్బరు పట్టా దానిని ఆరనీయదు. పట్టా కింద ఏడాది తరువాత చూస్తే రేకుకు బదులు రోడ్డు కనిపించవచ్చు. పెట్టెల కింద అంచులున్న రేకు పళ్లెం పెట్టి నీటిని గొట్టంతో బయటకు వదలడం, పట్టాను వారానికొకసారి ఎత్తి ఆరబెట్టడం తప్ప దీనికి వేరే ఉపాయం లేదు. తలుపుల అడుగున నీరు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. అవి మట్టితో పూడితే తలుపు తొట్టి అవుతుంది. పుల్లతో పొడిస్తే చాలు.

కడగడానికి మంచినీరు కావాలి. వేసవిలో ధనీఖారీ ఆనకట్ట నీటిమట్టం తగ్గి, పోర్ట్ బ్లెయిర్ కుళాయిలకు వంతులు పడే రోజులలో బండి కడుగుతానంటే ఇంట్లో ఆడవారు ఒప్పుకోరు, ఒప్పుకోనూ కూడదు. ఆ లోటును వానకాలం తీరుస్తుంది. వాన కురిసే నీరు ఉప్పు లేని నీరే. పెద్దవాన పడుతున్నప్పుడు బండిని షెడ్డు నుంచి బయటకు తీసి నిలబెడితే పైనంతా దానంతట అదే కడుగుతుంది. చక్రాల పైభాగం, అడుగు రేకు, జరిగే తలుపు పట్టాలు మాత్రం చెంబుతో నీళ్లు చల్లి చేత్తో కడగాలి. తరువాత తలుపు చక్రాలకు కొంచెం గ్రీజు పూయాలి. పట్టాలలో నిండా గ్రీజు నింపితే ఇసుక అంటుకుని తలుపు మరింత బిగుస్తుంది.

ఓడలో భాగాలు తెప్పించే అవకాశం వచ్చినప్పుడు, విరిగినదాని కోసం కాక విరగబోయేవాటి కోసం చీటీ రాసేవారు ముందుచూపు గలవారు: ఒక డిస్ట్రిబ్యూటర్ మూత, రోటరు, మూడు ప్లగ్గులు, టైమింగ్ బెల్టు, ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ గొట్టాలు, రెండు మూటల ఫ్యూజులు. పాయింట్లున్న బండి అయితే పాయింట్లూ కండెన్సరూ కూడా. వాటిని డబ్బాలో పెట్టేటప్పుడు గుడ్డసంచిలో పిడికెడు వేయించిన బియ్యం కట్టి వేస్తే తేమ పట్టదు. బియ్యాన్ని వానకాలంలో నెలకొకసారి మళ్లీ వేయించాలి.